వద్దన్నవాళ్లే ఇప్పుడు కనమంటున్నారు: ఇంతకీ జనం ఎక్కువా, తక్కువా?

కొల్లేటికొంగ (చర్చ మొదలుపెట్టినవారు)

హైస్కూల్లో సోషల్ చెబుతాను. జనాభా పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలు అడిగే ప్రశ్నలకు ఈమధ్య సూటిగా జవాబు చెప్పలేకపోతున్నా. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదని 1994 పంచాయతీరాజ్ చట్టంలో పెట్టారు. 1995 మే 30 తర్వాత మూడో బిడ్డ పుడితే అనర్హులే. 2024 నవంబరులో ఏపీ అసెంబ్లీ ఆ నిబంధన ఎత్తేసింది. 2025 అక్టోబరులో తెలంగాణ కేబినెట్ కూడా అదే నిర్ణయం తీసుకుంది. "ఒకరు ముద్దు, ఇద్దరు హద్దు" అని గోడల మీద రాయించిన ప్రభుత్వాలే ఇప్పుడు కనండి కనండి అంటున్నాయి. విజయనగరం ఎంపీ గారైతే మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేలు, మగపిల్లాడు పుడితే ఆవు ఇస్తానన్నారు.

ఇంకోపక్క 2022 నవంబరు 15న ప్రపంచ జనాభా 800 కోట్లు దాటిందని టీవీలో ఒకటే హడావుడి. ఏది నమ్మాలి? సుస్థిర అభివృద్ధి అంటున్నాం కదా, దానికి జనం తగ్గాలా, పెరగాలా? పార్టీల తిట్లు వద్దు, దయచేసి.

లెక్కలరావు

మాస్టారూ, రెండు మాటలూ నిజమే. ఒకటి ప్రపంచం లెక్క, ఒకటి మన ఇంటి లెక్క.

ఐక్యరాజ్యసమితి 2024లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచ జనాభా 820 కోట్లు. 2080ల మధ్యలో 1,030 కోట్ల దగ్గర ఆగుతుంది, ఆ తర్వాత మెల్లగా తగ్గుతుంది. చైనా, జపాన్, జర్మనీ, రష్యా సహా 63 దేశాలు, ప్రాంతాల్లో ఇప్పటికే ఆ శిఖరం దాటిపోయింది. మన దేశం 2060ల మొదట్లో 170 కోట్ల దగ్గర ఆగుతుందంటున్నారు.

ఇక మన లెక్క. జనాభా నిలకడగా ఉండాలంటే ఒక్కో స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు పుట్టాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం సగటు 2.0, ఏపీ 1.7, తెలంగాణ 1.8, బీహార్ 3.0. రిజిస్ట్రార్ జనరల్ వాళ్ల 2020 జనన మరణాల నమూనా నమోదులో అయితే రెండు తెలుగు రాష్ట్రాలూ 1.5 దగ్గరే ఉన్నాయి.

రేటు తగ్గినా తలలు ఎందుకు పెరుగుతున్నాయని మీ పిల్లలు తప్పకుండా అడుగుతారు. 1980ల్లో, 90ల్లో పుట్టినవాళ్లు చాలా ఎక్కువమంది ఉన్నారు. వాళ్లు ఒక్కొక్కరినే కన్నా, పుట్టేవాళ్లు పోయేవాళ్లకన్నా ఎక్కువే ఉంటారు. బ్రేకు వేసిన గూడ్సు బండి వెంటనే ఆగదు కదా, అలాగన్నమాట.

ఉప్పుటేరు

ఆవు ఇస్తే ఇచ్చారు, దానికి మేత ఎవరు వేస్తారో కూడా చెప్పాల్సింది 😀

సీరియస్‌గా అడుగుతున్నా. జనం తగ్గితే మంచిదేగా? నీళ్లు లేవు, బోర్లు వెయ్యి అడుగులు దిగుతున్నాయి, సిటీల్లో ఊపిరాడట్లేదు. 1.5 అయితే పండగ చేసుకోవాలి గానీ ఈ ఏడుపెందుకు?

కొల్లేటికొంగ

@ఉప్పుటేరు, కొల్లేరు పక్కన పుట్టినవాడిని కాబట్టి ఒక్క మాట. కొల్లేరు ఎందుకు పాడైంది? చుట్టూ లంక గ్రామాల్లో జనం పెరిగిపోయా? కాదు. చేపల చెరువుల వల్ల. ఆ చేప లారీలెక్కి హౌరాకీ, అస్సాంకీ పోతుంది. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టం నుంచి ఐదడుగుల ఎత్తు గీత) దాకా అభయారణ్యం అన్నారు, 2002లో ప్రపంచ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు అని గట్లు పేల్చారు. అయినా చెరువులు మళ్లీ వచ్చాయి. లంకలో పడవ వేసుకుని వలేసే కుటుంబానికి నలుగురు పిల్లలున్నా సరస్సుకి ఏమీ కాదు. వంద ఎకరాల చెరువు తవ్వించినాయనకి ఒక్కడే కొడుకు, అమెరికాలో ఉంటాడు.

లెక్కలరావు

దీన్నే ప్రపంచానికి పెంచి చూడండి. ఏడాదికి అమెరికాలో ఒక మనిషి వంతు కార్బన్ డయాక్సైడ్ సుమారు 14 టన్నులు, మన దగ్గర 2 టన్నులు, ఆఫ్రికాలోని నైజర్‌లో 0.1 టన్ను. ఒక్కో తల్లికి ఆరుగురు పుడుతున్నది నైజర్‌లో. అక్కడ రేపటినుంచి ఒక్కరూ పుట్టకపోయినా వాతావరణానికి వచ్చే తేడా అంతంతమాత్రం.

అలాగని తలల లెక్క అక్కర్లేదని కాదు. నైజర్‌లోనే బడికీ, బావికీ, పొలానికీ ఆ లెక్కే అడ్డం పడుతుంది. సమస్య ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటుంది. అన్నిచోట్లా ఒకే మీట నొక్కాలనుకోవడం దగ్గరే తేడా వస్తోంది.

నిజం_నిప్పు

అందరూ అసలు విషయం దాస్తున్నారు. ఫలానా మతం వాళ్లు మాత్రం

[ఈ వ్యాఖ్యలో మిగతా భాగం తొలగించాం. లెక్క చెప్పాలనుకుంటే చెప్పండి, తిట్టాలనుకుంటే ఇక్కడ కాదు. – మోడరేటర్]

లెక్కలరావు

లెక్క నేను చెబుతా. 1992-93 సర్వేలో ముస్లిం స్త్రీల సగటు 4.4. 2019-21కి 2.36. హిందువులది 1.94. ఈ ముప్పై ఏళ్లలో అందరికన్నా వేగంగా పడిపోయింది వాళ్లదే. బీహార్‌లో హిందువుల రేటు కేరళలో ముస్లింల రేటు కన్నా ఎక్కువ. తేడా తెచ్చేది అమ్మాయి ఎంతవరకు చదివింది, ఏ జిల్లాలో పుట్టింది అన్నదే. దీనిమీద ఇంతకన్నా మాట్లాడక్కర్లేదు.

పాత_ఏఎన్ఎం

మాస్టారు గారూ, మీరు చట్టం సంగతి రాశారు. ఆ చట్టం వల్ల సర్పంచ్ కాలేకపోయినవాళ్లు ఎంతమందో గానీ, పిల్లల ఆపరేషన్ బల్ల ఎక్కినవాళ్లు మాత్రం లక్షల్లో ఉన్నారు. వాళ్లని తీసుకెళ్లింది మేమే.

1996లో టార్గెట్లు ఎత్తేశామన్నారు. కాగితం మీద ఎత్తేశారు. మార్చి నెల వచ్చేసరికి "నీ సబ్‌సెంటర్ నుంచి ఎన్ని కేసులు?" అనే ప్రశ్న ఆగలేదు. ఆవిడ పేరేంటని ఎవరూ అడగరు, కేసే. క్యాంపు రోజు పచ్చి మంచినీళ్లయినా తాగనివ్వకుండా పొద్దున్నే ఆటో ఎక్కించేవాళ్లం. సర్జన్ గారు వచ్చేసరికి మధ్యాహ్నం అయ్యేది. పేరు పిలిస్తే చంకలో పిల్లని అత్తగారి చేతికిచ్చి లోపలికెళ్లేది. బయటికి తెచ్చాక వరండాలో దుప్పట్లు పరిచి వరసగా పడుకోబెట్టేవాళ్లం. ఇంకా మత్తు దిగదు, చంటిది పాలకి ఏడుస్తుంటుంది, తీసుకెళ్లి పక్కలో వేసేది కూడా మేమే. సాయంత్రానికి ఇంటికి పంపించేసేవాళ్లం.

మగవాళ్ల ఆపరేషన్ తేలికమ్మా, పెద్ద కోత కూడా ఉండదు అని చెబితే "ఆయన బరువులు మోసే మనిషి, వద్దండీ" అని భార్యలే అడ్డం పడేవారు. 1976-77 ఎమర్జెన్సీలో దేశమంతా కలిపి ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు, వాటిలో ఎక్కువ మగవాళ్లవే. ఆ దెబ్బకి ప్రభుత్వాలు పోయాయి. ఆ తర్వాత మగవాళ్ల జోలికి ఎవరూ వెళ్లలేదు, భారమంతా ఆడవాళ్ల మీదకి తిరిగింది. ఇప్పుడు ఏపీలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి పిల్లల ఆపరేషన్ అయిపోయింది. మగవాళ్లలో వందకి ఒకరు కూడా లేరు. ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్‌లో 2014లో క్యాంపు తర్వాత 13 మంది చనిపోతే గానీ దేశం ఈ వరండాల వైపు చూడలేదు. 2016లో సుప్రీంకోర్టు ఈ క్యాంపులు ఆపేయమంది.

ఇంకో మాట ఎవరూ రాయరు కాబట్టి నేనే రాస్తున్నా. పదిహేడు, పద్దెనిమిదికి పెళ్లి, ఇరవై మూడు, ఇరవై నాలుగుకి ఆపరేషన్. ముప్పై దాటేసరికి నడుంనొప్పి, తెల్లబట్ట, ప్రైవేటు డాక్టరు గర్భసంచి తీసేద్దాం అనడం, వీళ్లు సరే అనడం. 2015-16 సర్వేలో ఏపీలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారని తేలింది, దేశంలో అదే ఎక్కువ. ఆపరేషన్ వల్లే ఇలా జరిగిందని నేననను. కానీ "పిల్లలు చాలు, ఇక సంచితో పనేముంది" అన్న మాట నా చెవులతో విన్నాను.

కాబట్టి 1.7కి తెచ్చింది సర్పంచ్ చట్టం కాదు, ఆ వరండాలు. ఇప్పుడు మూడో బిడ్డని కనండి అంటే ఎవరితో అంటున్నట్టు? పాతికేళ్లకే ట్యూబులు ముడేయించుకున్నవాళ్లతోనా? "మళ్లీ కలుపుతారా అమ్మా" అని ఇప్పటికీ ఫోన్లు వస్తుంటాయి నాకు, ఎక్కువగా బిడ్డ పోయిన ఇళ్లనుంచి. సునామీ తర్వాత తమిళనాడు ప్రభుత్వం అలాంటి తల్లులకి ఆ ఆపరేషన్ ఉచితంగా చేయించింది. అది అందరికీ కుదిరే పని కాదు, చేసినా గర్భం వస్తుందన్న గ్యారంటీ లేదు.

ఉప్పుటేరు

అమ్మా, ఈ కోణం నాకు తెలీదు. థాంక్స్.

నైట్‌షిఫ్ట్_అమ్మ

ఏఎన్ఎం ఆంటీ చెప్పింది ఒక తరం. మా తరం ఇంకోలా ఇరుక్కుంది. హైదరాబాద్‌లో ఇద్దరం ఉద్యోగం, ఒక పాప. రెండో బిడ్డ కావాలని నాకూ ఉంది. వద్దని ఎవరూ ఆపలేదు, ఎల్‌కేజీ ఫీజు ఆపింది. మా అమ్మకి మోకాళ్లు ఆడట్లేదు, అత్తగారు ఊరు వదిలి రారు.

2017 సవరణ తర్వాత ప్రసూతి సెలవు 26 వారాలు, బాగుంది. కానీ అది మొదటి ఇద్దరికే. మూడో కాన్పుకి 12 వారాలే. ఆ నిబంధన ఇప్పటికీ అలాగే ఉంది. ఏపీ ప్రభుత్వం తన ఉద్యోగినులకు ఎన్ని కాన్పులకైనా పూర్తి సెలవంది, మంచిదే. ప్రైవేటులో పనిచేసేవాళ్లం ఏం కావాలి? 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులుంటే క్రెష్ (చంటిపిల్లల్ని చూసుకునే గది) ఉండాలని కూడా అదే చట్టం చెప్పింది. నేను పనిచేసిన ఒక కంపెనీలో క్రెష్ గది చూపించమంటే తాళం తీసి చూపించారు, లోపల పాత మానిటర్లు.

2025లో ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 14 దేశాల్లో సర్వే చేసింది, మన దేశమూ ఉంది. కావలసినంతమంది పిల్లల్ని కనలేకపోవడానికి డబ్బే అడ్డమని 39 శాతం మంది చెప్పారు. అంటే కొందరికి వద్దనుకున్నా పుడుతున్నారు, కొందరికి కావాలనుకున్నా పుట్టట్లేదు. ఆవు ఇద్దరికీ పనికిరాదు.

దేజియన్_నుంచి

కొరియాలో పోస్ట్‌డాక్ చేస్తున్నా. డబ్బులిస్తే కంటారనుకునేవాళ్లు ఒకసారి ఇక్కడికి రావాలి. 2006 నుంచి లక్షల కోట్ల వోన్‌లు కుమ్మరించారు: బిడ్డ పుట్టగానే నగదు, నెలనెలా భత్యం, ఇళ్లకి లోన్లు. 2023లో రేటు 0.72. 2024లో 0.75కి వచ్చిందంటే పేపర్లన్నీ సంబరం చేసుకున్నాయి. ఆ ఏడాది ఒకటో తరగతిలో ఒక్కరూ చేరని ప్రాథమిక బడులు 150కి పైనే. నా ల్యాబ్‌మేట్లు చెప్పే కారణాలు ఎప్పుడూ అవే: ఇల్లు కొనలేం, ట్యూషన్ ఫీజులు కట్టలేం, పెళ్లయితే అమ్మాయి ప్రమోషన్ ఆగిపోతుంది. మన హైదరాబాద్ అక్క రాసిందే కొరియన్‌లో వింటున్నట్టుంది.

బలవంతం చేస్తే పెరుగుతుందా అంటే అదీ చూశారు. రొమేనియాలో అప్పటి నియంత చౌషెస్కూ 1966లో గర్భస్రావాలు నిషేధించాడు. ఏడాదిలో రేటు 1.9 నుంచి 3.7కి ఎగిరింది. తర్వాత జనం దొంగదారులు వెతుక్కున్నారు, రేటు మళ్లీ పడింది, నాటు గర్భస్రావాలకి వేలమంది ఆడవాళ్లు చనిపోయారు. 1989 డిసెంబరులో అతను పోయాక కొత్త ప్రభుత్వం చేసిన మొదటి పనుల్లో ఆ చట్టం తీసేయడం ఒకటి.

దారెస్సలాం_తెలుగోడు

టాంజానియా నుంచి. ఇక్కడ కథ పూర్తిగా అటువైపు. 2022 జనగణనలో 6 కోట్ల 17 లక్షలు, ఏటా 3.2 శాతం పెరుగుదల. తల్లికి సగటున 4.8 మంది. పొద్దున ఫ్యాక్టరీకి వెళ్లే దారిలో బడి పిల్లలు రోడ్డంతా నిండిపోతారు, బండి ముందుకు కదలదు.

2016లో అప్పటి అధ్యక్షుడు మగుఫులి, చదువు ఉచితం చేశాం కాబట్టి ఆడవాళ్లు ఇక కుటుంబ నియంత్రణ మానేయవచ్చన్నాడు. అదే ప్రభుత్వం గర్భం వచ్చిన ఆడపిల్లల్ని బడికి రానివ్వలేదు. ఆయన పోయాక, 2021 నవంబరులో, ప్రసవం తర్వాత మళ్లీ బడిలో చేరొచ్చని మార్చారు. కుటుంబ నియంత్రణ గురించి ఒక్క ముక్క లేని ఆ ఒక్క ఉత్తర్వు, ఎన్ని పోస్టర్లకన్నా ఎక్కువ పని చేస్తుందని నా అభిప్రాయం. బడిలో ఉన్న పిల్ల పదహారుకి రెండో బిడ్డని కనదు.

కొల్లేటికొంగ

టాంజానియా దాకా ఎందుకండీ. 2019-21 సర్వేలో ఏపీలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. 15-19 ఏళ్ల వాళ్లలో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా కడుపుతో ఉన్నారు. రేటు చూస్తే యూరప్, పెళ్లి వయసు చూస్తే బీహార్ దారి. తొమ్మిదో తరగతిలో మొదటి ర్యాంకు పిల్ల వేసవి సెలవుల తర్వాత రాకపోతే ఎందుకు రాలేదని స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ అడగరు. అందరికీ తెలుసు.

లెక్కలరావు

ఇదే నేను చెప్పాలనుకుంటున్నది. 2015లో ఐక్యరాజ్యసమితి 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు పెట్టుకుంది, వాటి కింద 169 ఉపలక్ష్యాలు. వాటిలో "జనాభా ఇంత ఉండాలి" అని ఒక్కటి కూడా లేదు. అది మర్చిపోవడం కాదు. 1994 కైరో జనాభా సదస్సులో 179 దేశాలు కూర్చుని తేల్చుకున్న సంగతి అది: తలల టార్గెట్లు వదిలేయండి, ఆడవాళ్ల చదువు, ఆరోగ్యం, ఎంపిక చూడండి, సంఖ్య దారికి అదే వస్తుందని. మన కేంద్రమంత్రి కరణ్‌సింగ్ 1974లో బుఖారెస్ట్ సదస్సులోనే, అభివృద్ధే అన్నిటికన్నా మంచి గర్భనిరోధకం అన్నారు. రెండేళ్లు తిరక్కుండానే ఏఎన్ఎం గారు రాసిన ఎమర్జెన్సీ ఆపరేషన్లు, అదే మంత్రి గారి హయాంలో.

మానేరు

మంచిగున్నది చర్చ, గానీ అసలు భయం ఎవ్వరూ అంటలేరు. సీట్లు! 1976ల లోక్‌సభ సీట్లు 1971 జనాభా లెక్క మీద ఆపిన్రు. 2001ల 84వ సవరణతోని 2026 తర్వాత వచ్చే మొదటి జనగణన దాకా అన్నరు. ఆ జనగణన 2027లనే. జనాభా తగ్గించుకున్నందుకు మనకు సీట్లు తగ్గుతయ్, పెంచుకున్నోళ్లకు పెరుగుతయ్. ఇది న్యాయమా?

లెక్కలరావు

న్యాయం కాదనే నా అభిప్రాయం. కానీ దానికి మందు మూడో బిడ్డ కాదు. 2027 లెక్కకి ఇప్పుడు కని అందుకోలేం. ఇవాళ పుట్టిన బిడ్డ 2040ల్లో గానీ ఓటేయడు. సీట్లు ఎలా పంచాలన్నది రాజ్యాంగ సవరణతో, రాష్ట్రాలు కూర్చుని తేల్చుకోవాలి. నిధుల దగ్గర కొంత తేల్చుకున్నారు కూడా: కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా పంచే 15వ ఆర్థిక సంఘం 2011 జనాభాకి 15 శాతం వెయిటేజీ ఇచ్చి, జనాభా అదుపు చేసిన రాష్ట్రాలకి విడిగా 12.5 శాతం పెట్టింది. సరిపోయిందా అంటే వాదించుకోవచ్చు. కానీ ఢిల్లీతో చేయాల్సిన బేరం మన ఆడవాళ్ల కడుపు మీద పెట్టడం ఏం పద్ధతి?

ముసలితనం మాత్రం నిజమైన సమస్య. 2050కి దేశంలో ఐదుగురిలో ఒకరు అరవై దాటినవాళ్లే. మన తెలుగువాళ్లం అంతకన్నా ముందే అక్కడికి చేరతాం. జపాన్ ముందు డబ్బు సంపాదించి తర్వాత ముసలిదైంది, మనకి ఆ వరస తిరగబడేలా ఉంది.

కొల్లేటికొంగ

ఒకటో తారీఖు పొద్దున సచివాలయం అమ్మాయి నాలుగు వేల పింఛను పట్టుకుని మా వీధిలో ఇల్లిల్లూ తిరుగుతుంది. మా ప్రైమరీ స్కూల్లో ఒకటో తరగతి చూస్తే బెంచీలు మిగిలిపోతున్నాయి. తల్లికి వందనం (బడి పిల్లల తల్లుల ఖాతాలో వేసే డబ్బు) 2025 నుంచి ఇంట్లో ఎంతమంది చదువుకుంటుంటే అంతమందికీ వేస్తున్నారు. అది మంచి పనే, కనడానికి తాయిలంగా కాకుండా ఉన్న పిల్లల చదువు కోసం అనుకుంటే.

పాత_ఏఎన్ఎం

ముసలివాళ్లని చూసేది ఎవరో కూడా రాయండి. మంచం పట్టిన అత్తగారి పక్క బట్టలు మార్చేది కోడలే. ఆమెకి పింఛను ఇవ్వరు, జీతం ఇవ్వరు. పిల్లల్ని కనడానికి ఇచ్చే డబ్బులు ఊరికో నర్సమ్మని పెట్టడానికి వాడితే, కనీసం ఆ కోడళ్లు పనికి పోగలుగుతారు.

మానేరు

అక్కా, నిజం చెప్పినవ్. ఇగ పని చేసెటోళ్ల ముచ్చట. మా కాడ నాట్లు ఎప్పుడో బీహారోళ్ల చేతులకు పోయినయ్. ఎకరానికింత అని గుత్త మాట్లాడుకుంటరు, మగోళ్లే వస్తరు, తాడు పట్టి వరసలు తప్పకుంట పొద్దుగూకే దాకా ఏస్తరు. మన పిల్లలు దుబాయిల, హైదరాబాదుల. రేటు మూడు ఉన్నకాడి నుంచి ఒకటిన్నర ఉన్నకాడికి మనుషులు నడిచే వస్తున్నరు. దీనికి పాలసీ ఎవలు రాసిన్రు? వాళ్లు పండేది మోటరు కొట్టంల.

ఉప్పుటేరు

మా రొయ్యల ప్లాంట్లో కూడా పీలింగ్ లైన్ సగం ఒడిశా అమ్మాయిలే. తెలుగు గడగడా మాట్లాడతారు. రేషన్ కార్డు ఊళ్లో, మనిషి ఇక్కడ. ఒకే దేశం ఒకే కార్డు అన్నారు గానీ డీలర్ దగ్గరికి వెళ్లే టైముకి షిఫ్ట్ ఉంటుంది. ఇక్కడే పెళ్లి చేసుకుని ఇక్కడే పిల్లల్ని కంటున్నవాళ్లూ ఉన్నారు. మూడో బిడ్డ కోసం వెతకడం ఎందుకు, వీళ్ల పిల్లలకి ఒడియా వచ్చిన టీచర్ని ఒకరిని పెడితే చాలు కదా.

మానేరు

@లెక్కలరావు సార్, ఒక్కటి అడుగుత. 2027 ఫిబ్రవరిల లెక్కలు రాసేటప్పుడు ఒడిశాల బలంగీర్ నుంచి వచ్చినోళ్లు మా పెద్దపల్లి దిక్కు ఇటుక బట్టీలల్లనే ఉంటరు, సీజన్ నడుస్తుంటది కదా. వాళ్లను ఏ రాష్ట్రంల రాస్తరు?

లెక్కలరావు

లెక్కల సమయమంతా బట్టీలోనే ఉంటే అక్కడే రాయాలి, తెలంగాణ లెక్కలోకే వస్తారు. ఎన్యుమరేటర్ బట్టీ దాకా వెళ్లాలి, యజమాని లోపలికి రానివ్వాలి. జనగణన డ్యూటీ ఎక్కువగా టీచర్లకే పడుతుంది. మాస్టారూ, ట్రైనింగ్‌లో ఈ ప్రశ్న మీరు తప్పకుండా అడగండి.